ఈటీపీ వాసనకు బయోఫిల్టర్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ సాల్వెంట్ వెంట్లు కలపకండి

అడిగిన సంగతి క్లుప్తంగా ఇదీ. చౌటుప్పల్ దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే చిన్న బల్క్ డ్రగ్ యూనిట్. ఈటీపీలో, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటులో, నీళ్లన్నీ ముందు చేరి కలిసే ఈక్వలైజేషన్ ట్యాంక్ నుంచి కుళ్లిన గుడ్ల వాసన. పక్క ఊరివాళ్లు రాత్రిపూట గేటు దగ్గరికి వస్తున్నారు, పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) ఫిర్యాదు కూడా వెళ్లింది. ఒక వెండర్ బయోఫిల్టర్‌కు కొటేషన్ ఇచ్చాడు. వాసన గ్యాస్ 98 శాతం తీసేస్తానని గ్యారంటీ అంటున్నాడు. ప్రొడక్షన్ బ్లాక్‌లోని రియాక్టర్ వెంట్లు, అంటే పదార్థాలను కరిగించే సాల్వెంట్ల ఆవిరి బయటికి పోయే గొట్టాలు, కూడా దానికే కలిపేస్తే రెండు పనులూ అయిపోతాయంటున్నాడు. నమ్మొచ్చా?

ఈటీపీ వాసన వరకు నమ్మొచ్చు. రియాక్టర్ వెంట్లు కలపమన్నాడంటే మాత్రం ఆ మనిషికి బయోఫిల్టర్ తెలియదు, లేదా తెలిసీ అమ్ముకుంటున్నాడు.

నేను ఇరవై ఏళ్లకు పైగా నల్లగొండ, పాలమూరు వైపు ఫ్యాక్టరీల్లో ఈటీపీలు, గాలిని నీళ్లతో కడిగే స్క్రబ్బర్లు చూసుకుంటున్నాను. దగ్గరుండి నడిపిన బయోఫిల్టర్లు నాలుగు. అందులో ఒకటి నా చేతుల్లోనే చచ్చింది. ఆ కథ కూడా చెప్తాను, మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

ముందు అసలు అది ఏమిటో. ఎండాకాలం ఇంట్లో పెట్టుకునే కూలర్ చూడండి. రెండు మూడు నెలలు నడిచాక కూలర్ గడ్డి మీద చేత్తో రాస్తే జారుడుగా ఒక పొర తగులుతుంది. బయోఫిల్టర్‌లో పనిచేసేది అలాంటి పొరే. కంపోస్టు, చెక్క ముక్కలు, కొబ్బరి పీచు లాంటివి ఒక మీటరు, మీటరున్నర మందాన పరిచి (ఆ పరుపును బెడ్ అంటాం, అందులో వేసే సరుకును మీడియా అంటాం), కింద నుంచి వాసన గాలిని నెమ్మదిగా పైకి పంపిస్తాం. ముక్కల మీద తడి పొరలో బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలోని వాసన పదార్థం ఆ తడిలో కరుగుతుంది, అవి తినేస్తాయి. వెండర్ ఇది కొత్త టెక్నాలజీ అన్నాడా? వాసన గాలిని మట్టిలోంచి పంపి శుభ్రం చేసే పద్ధతికి రిచర్డ్ పొమరాయ్ అనే అమెరికా ఇంజనీర్‌కు 1957లోనే పేటెంట్ వచ్చింది. తర్వాత జర్మనీ, నెదర్లాండ్స్ వాళ్లు దాన్ని లెక్కల్లోకి తెచ్చి ఫ్యాక్టరీలకు, కంపోస్టు యార్డులకు పెట్టారు. పాత పద్ధతే, మంచి పద్ధతి. మనవాళ్లు దాన్ని మిషన్ అనుకుంటారు, అక్కడే తేడా కొడుతుంది. గేదెను కట్టేసినట్టు దానికీ మేత, నీళ్లు, నీడ చూడాలి. ఎవరో ఒకరి పేరు మీద ఆ డ్యూటీ ఉండాలి.

ఇప్పుడు సాల్వెంట్ సంగతి. బ్యాక్టీరియాకు నీళ్లలో కరిగిందే తిండి. మిథనాల్, అసిటోన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అయితే ఇష్టంగా తింటాయి. టోలుయీన్ నీళ్లలో అంతగా కరగదు కాబట్టి దాని మీద పని నెమ్మది. హెక్సేన్ చాలావరకు తడిని ముట్టకుండానే దాటిపోతుంది. మీ దగ్గర ఎక్కువ వాడకం ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) అని రాశారు. ఎండీసీని తినే బ్యాక్టీరియా కూడా ఉన్నాయి, కాదనను. కానీ అవి తిన్నకొద్దీ హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుడుతుంది, కొద్ది రోజుల్లో ఆ బెడ్‌లో వాటికే బతుకు ఉండదు.

సరే, ఎండీసీ పక్కన పెట్టి మిథనాల్ ఒక్కటే తీసుకుందాం. బయోఫిల్టర్ హాయిగా నడవాలంటే గాలిలో సాల్వెంట్ క్యూబిక్ మీటరుకు ఒక గ్రాము లోపు ఉండాలి. 25 డిగ్రీల దగ్గర మిథనాల్ ఆవిరితో నిండిపోయిన రియాక్టర్ వెంట్ గాలిలో క్యూబిక్ మీటరుకు 200 గ్రాములకు పైనే ఉంటుంది. అది కూడా రోజంతా కాదు, చార్జింగ్ చేసినప్పుడు (రియాక్టర్ నింపేటప్పుడు), డిస్టిలేషన్ మొదలైనప్పుడు ఒక్కసారిగా కొడుతుంది, తర్వాత గంటలకొద్దీ ఏమీ రాదు. ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం: ఆ 200 గ్రాముల గాలి నిప్పు తగిలితే అంటుకునే గాలి. దాన్ని ఈటీపీ డక్ట్‌లో కలిపి మామూలు బ్లోవర్‌తో లాగడమంటే ప్రమాదాన్ని పిలిచి కుర్చీ వేయడమే. సాల్వెంట్ వెంట్లకు, బాగా చల్లబరిచిన ఉప్పునీటితో ఆవిరిని ద్రవంగా మార్చే చిల్డ్ బ్రైన్ కండెన్సర్, దాని వెనుక మిగిలింది పట్టుకునే కార్బన్ బెడ్, అంతే. ఎండీసీ మరిగేది 40 డిగ్రీల దగ్గర. మే నెలలో మన షెడ్డులో ఆ వేడి మామూలుగానే ఉంటుంది. అలాంటప్పుడు కూలింగ్ టవర్ నీళ్లతో కండెన్సర్ నడిపితే ఎండీసీ కొనే డబ్బులు ఆకాశంలోకి పోతున్నట్టు లెక్క. ముందు మీ బ్రైన్ ఉష్ణోగ్రత లాగ్‌బుక్‌లో కాకుండా పైపు మీద చూడండి.

ఈటీపీకి వద్దాం. బయోఫిల్టర్ కొనే ముందు ఒక ప్రశ్న. ఆ వాసన ఎందుకు పుడుతోంది? మీ ఎఫ్లుయెంట్‌లో (మురుగునీటిలో) సల్ఫేట్ ఉంటుంది. ట్యాంక్‌లో కదలిక లేక, ఆక్సిజన్ లేక అడుగున బురద పేరుకుంటే అక్కడి బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. అదే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా పైకి లేస్తుంది. పీహెచ్ 7 దగ్గర నీళ్లలోని సల్ఫైడ్‌లో సగం దాకా గ్యాస్‌గా ఎగిరిపోగల రూపంలో ఉంటుంది. 9 దగ్గర నూటికి ఒక వంతే. అంటే ట్యాంక్ బురద తీయించి, కలిపే ఏర్పాటు చేసి, పీహెచ్ ఎనిమిదిన్నర దగ్గర నిలిపితేనే సగం గొడవ తగ్గుతుంది. ఇంకా మంచిదని పదికి తీసుకెళ్లకండి, అప్పుడు అమ్మోనియా లేస్తుంది. కుళ్లిన గుడ్ల బదులు బాత్రూం వాసన, ఊరివాళ్లకు తేడా ఏముంది?

ఇదంతా చేశాక కూడా కొంత గ్యాస్ ఉంటుంది. దానికి బయోఫిల్టర్. ఇక లెక్క వేద్దాం. ట్యాంక్ మీద ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్ ప్లాస్టిక్) మూత వేసి గంటకు 3,000 క్యూబిక్ మీటర్ల గాలి లాగుతున్నారనుకోండి. గాలి బెడ్‌లో 45 సెకన్లు ఉండాలంటే 37.5 క్యూబిక్ మీటర్ల మీడియా కావాలి. 1.2 మీటర్ల మందం వేస్తే సుమారు 31 చదరపు మీటర్ల జాగా, అంటే అయిదు మీటర్ల వెడల్పు, ఆరుకు కాస్త పైన పొడవు. మీ వెండర్ కొటేషన్‌లో బెడ్ సైజు ఇందులో మూడో వంతు ఉంటే, పదిహేను సెకన్లలో పని ఎలా అవుతుందో రాతపూర్వకంగా అడగండి. కరెంటు ఖర్చు మాత్రం తక్కువే. ఈ సైజుకు బ్లోవర్ రెండు కిలోవాట్ల చుట్టుపక్కల లాగుతుంది, మూడు హెచ్‌పీ మోటారు చాలు.

98 శాతం గ్యారంటీ గురించి కూడా అదే లెక్క. మూత కింద గాలిలో 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో 20) హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందనుకుంటే, 98 శాతం తీసేశాక 0.4 మిగులుతుంది. అంటే 400 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 400). మనిషి ముక్కు ఈ గ్యాస్‌ను కొద్ది పీపీబీల దగ్గరే పట్టేస్తుంది. కాబట్టి శాతం మీద గ్యారంటీ వద్దు, బయటికి వచ్చే గాలిలో ఇంత పీపీఎం దాటదు అనే గ్యారంటీ అడగండి. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యకాలు ఉన్నాయి. అమ్మోనియా ఉంది, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. ప్రమాణం లేదు కదా అని మీ మేనేజర్ అంటే, గేటు దగ్గరికి వచ్చినవాళ్లకు ఆ జాబితా చూపించమనండి.

ఊరివాళ్లు రాత్రుళ్లే ఎందుకు వస్తున్నారో కూడా అర్థం చేసుకోవాలి. ఫ్యాక్టరీలు రాత్రిపూట వదులుతాయని వాళ్ల అనుమానం. కొన్నిచోట్ల అది నిజం కూడా, ఇక్కడ ఎవరినీ వెనకేసుకురాను. కానీ మీరేం వదలకపోయినా చలికాలం రాత్రి గాలి కదలదు, నేల దగ్గర చల్లటి గాలి పొర పైకి లేవదు. పగలు చెదిరిపోయే వాసనే రాత్రి ఊరి మీద దుప్పటిలా పరుచుకుంటుంది. అందుకే రీడింగులు పగలు పదకొండింటికి తీసి సంతకం పెట్టే అలవాటు మానాలి.

ఇక చచ్చిపోయిన బెడ్ కథ. అది షాద్‌నగర్ వైపు, కోళ్ల వ్యర్థాలు ఉడికించే ఒక యూనిట్. పేరు వద్దు. కుక్కర్ల ఆవిరిని కండెన్సర్‌లో చల్లబరిచి, మిగిలిన గాలిని బయోఫిల్టర్‌కు పంపేవాళ్లం. ఆగస్టులో మొదలుపెట్టాం, జనవరి దాకా బంగారంలా నడిచింది. యజమాని వచ్చినవాళ్లందరినీ బెడ్ పక్కన నిలబెట్టి గట్టిగా ఊపిరి పీల్చమనేవాడు. మార్చి చివర్లో వాసన మొదలైంది. నేను బ్యాక్టీరియా చచ్చిందేమోనని బ్యాక్టీరియా ఉండే బురద (స్లడ్జ్) తెచ్చి పోయించాను, పోషకాలని యూరియా, డీఏపీ కలిపించాను. లాభం లేదు. ఒకరోజు పొద్దున ఆరింటికి పాలమూరు నుంచి వచ్చిన ఆపరేటర్ ఒకాయన రెండు అగరుబత్తులు వెలిగించి బెడ్ మీద అక్కడక్కడా గుచ్చుకుంటూ పోయాడు. మొదట పూజ అనుకున్నాను. మధ్యలో పొగ తిన్నగా, మందకొడిగా లేస్తోంది. పడమటి గోడ వారన పెట్టినప్పుడు మాత్రం పొగ తోక తెగినట్టు ఎగిరిపోయింది. "సార్, గాలంతా ఈడికెళ్లే పోతుంది" అన్నాడు.

అక్కడ చేత్తో తవ్వి చూశాం. పైన అరచెయ్యి మందం తడి, కింద పిడకలా ఎండిపోయిన కంపోస్టు. మీడియా కుంచించుకుపోయి గోడకు దానికి మధ్య వేలు పట్టే సందు. ఇంకా లోపల చెదలు. మధ్యాహ్నం ఎండ ఆ గోడను కాలుస్తోంది, లోపలికి వచ్చే గాలిలో తేమ లేదు. ఎండిన కంపోస్టు మీద నీళ్లు పోస్తే ఇంకవు, జారిపోతాయి. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. మొత్తం తీసి కొత్తది వేయాల్సి వచ్చింది. ఆపరేటర్ చూపించేదాకా నేను ప్రెజర్ రీడింగ్ తగ్గిందని సంతోషపడుతున్నాను. రీడింగ్ అలా ఊరికే పడిపోయిందంటే గాలికి దొంగదారి దొరికిందని అర్థం.

అందుకే మన ప్రాంతంలో బయోఫిల్టర్ అంటే నీళ్ల లెక్కే అంటాను. 42 డిగ్రీల ఎండలో, 20 శాతం తేమ ఉన్న 3,000 క్యూబిక్ మీటర్ల గాలి పూర్తిగా తడవాలంటే గంటకు 25 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లు మీరు ముందే ఇవ్వకపోతే బెడ్‌లోంచి పీల్చుకుంటుంది. కింది నుంచి వస్తుంది కాబట్టి కింద ఎండుతుంది, పైన చూస్తే తడిగానే ఉంటుంది. అందుకని బ్లోవర్‌కూ బెడ్‌కూ మధ్య తప్పనిసరిగా హ్యుమిడిఫయర్ ఉండాలి. చిన్న ప్యాక్‌డ్ టవర్‌లో (లోపల ప్లాస్టిక్ ముక్కలు నింపినది) నీళ్లు తిప్పితే చాలు. దాంతో ఇంకో లాభం, కూలర్‌లో జరిగినట్టే 42 డిగ్రీల గాలి 24 దగ్గరికి చల్లబడుతుంది. బ్యాక్టీరియా 30, 35 డిగ్రీల దాకా ఉత్సాహంగా ఉంటుంది, నలభై దాటితే మొరాయిస్తుంది.

అయితే ఆ నీళ్లు ఎక్కడివి? నల్లగొండ బోరు నీళ్ల ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. బయోఫిల్టర్‌కు ఫ్లోరైడ్‌తో బాధ లేదు, బాధంతా కాఠిన్యంతో. స్ప్రే నాజిల్ నోట్లో రెండు నెలల్లో తెల్ల సున్నం కడుతుంది, నీళ్లు గొడుగులా పడాల్సింది దారంలా పడుతుంది. ఆ దారం కింద బురద, చుట్టూ ఎడారి. మీకు ఆర్‌ఓ ఉంటే దాన్నుంచి వచ్చే శుద్ధి నీళ్లు (పర్మియేట్) కొంత బోరు నీళ్లలో కలిపి వాడండి. లేదంటే నెలకోసారి నాజిళ్లు విప్పి పలుచటి యాసిడ్‌లో నానబెట్టే పనిని షెడ్యూల్‌లో రాయండి.

తడి చూడటానికి మీటర్ అవసరం లేదు. పార పెట్టి అర మీటరు లోతు నుంచి గుప్పెడు తీయండి. గట్టిగా పిడికిలి బిగించండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిపోయింది. ధారగా కారితే ఎక్కువ, చెయ్యి తెరవగానే పొడిపొడిగా రాలితే తక్కువ. వాసన కూడా చూడండి. తొలకరి వాన పడ్డ మట్టి వాసన రావాలి. పుల్లగా కొడితే గాలి అందని చోటుందని అర్థం. తూకంలో నీరు సగం దగ్గర, అంటే 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి.

మీడియాకు వెండర్ ఎక్కడి నుంచో తెప్పిస్తానంటాడు. ఇక్కడివే వాడొచ్చు. సర్కారు తుమ్మ చెక్కను రెండు మూడు అంగుళాల ముక్కలు చేయించండి, గట్టిది, తొందరగా చివకదు. దానికి బాగా మాగిన కంపోస్టు, కోనసీమ నుంచి వచ్చే కొబ్బరి డొప్ప ముక్కలు కలపండి. కొబ్బరి పొట్టు వద్దు, తడిస్తే ముద్దయి గాలిని ఆపేస్తుంది. మిర్యాలగూడ ఊక గుట్టలు చూసి చాలామందికి ఆశ పుడుతుంది. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి కుళ్లదు, బెడ్‌ను గుల్లగా ఉంచుతుంది, కానీ నీళ్లు పట్టి ఉంచదు. కలుపుకోవచ్చు, దాన్నే నమ్ముకోకూడదు. పల్లికాయ పొట్టు ఏడాదిలోపే పొడైపోతుంది. మంచి మిశ్రమం మూడు నుంచి అయిదేళ్లు వస్తుంది.

బ్యాక్టీరియా పొడి డబ్బాలు కొటేషన్‌లో ఉంటే కొట్టేయండి. మీ ఏరేషన్ (గాలి ఊదే) ట్యాంక్ స్లడ్జ్ ఉంది కదా, అది ఏళ్ల తరబడి మీ ఎఫ్లుయెంట్ తిని బతుకుతోంది. దాన్నే పలుచన చేసి బెడ్ నింపేటప్పుడు పొరపొరకూ చల్లండి. రెండు నుంచి నాలుగు వారాల్లో దారికొస్తుంది. మొదటి వారమే ఇన్‌స్పెక్షన్ పెట్టించుకోకండి.

యాసిడ్ సంగతి మరిచిపోతే రెండో ఏడు ఏడుస్తారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తిన్న బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ యాసిడ్ వదులుతుంది. పైన అనుకున్న 20 పీపీఎం, 3,000 క్యూబిక్ మీటర్ల లెక్కకే రోజుకు రెండు కిలోల గ్యాస్, దాన్నుంచి దాదాపు ఆరు కిలోల యాసిడ్. సున్నపురాయి కలపండి అంటారు. మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు రాయికి కొదవా? కానీ ఆ యాసిడ్‌కు రోజుకు ఆరు కిలోల రాయి, ఏడాదికి రెండు టన్నుల పైన కరుగుతుంది, జిప్సం అయి సందులు పూడుస్తుంది. నా మాట వింటే 20 పీపీఎం నిలకడగా ఉన్నప్పుడు ముందు చిన్న బయోట్రిక్లింగ్ టవర్ పెట్టండి. అందులో ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద నీళ్లు తిరుగుతుంటాయి, యాసిడ్‌ను కడిగి తీసుకుపోతాయి. ఈ గంధకం తినే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు పీహెచ్ 2 దగ్గర కూడా హాయిగా బతుకుతాయి. అక్కడ సల్ఫైడ్ చాలావరకు పోతే, మిగిలిన మిశ్రమ వాసనల పని వెనుక ఉన్న చెక్క బెడ్ చూసుకుంటుంది. సల్ఫైడ్ అయిదు పీపీఎం లోపే ఉంటే టవర్ ఖర్చు అనవసరం. డ్రెయిన్ నీళ్ల పీహెచ్ వారానికోసారి చూస్తూ, పడిపోతే కడిగితే చాలు.

పైన రేకుల కప్పు వేయించండి. ఎండకే కాదు, ఆగస్టు ముసురుకు కూడా. నానిపోయిన బెడ్ ఎండిన బెడ్ కంటే మొండిది. పక్కల్లో షేడ్ నెట్ కట్టండి. గడ్డి మొలిస్తే పచ్చగా ఉందని మురిసిపోకుండా పీకించండి, వేర్ల వెంట గాలికి దారి పడుతుంది. ప్రెజర్‌కు పారదర్శక ట్యూబును యూ ఆకారంలో వంచి రంగు నీళ్లు పోస్తే సరిపోతుంది. కొత్త బెడ్‌కు పది ఇరవై మిల్లీమీటర్లు చూపిస్తుంది. అది వంద దాటిందంటే మీడియా చివికి ముద్దవుతోందని లెక్క. డిసెంబరు పొద్దునలైతే ఆ ట్యూబు కూడా అక్కర్లేదు, బెడ్ మీద ఆవిరి ఎక్కడ లేస్తోందో, ఎక్కడ లేవట్లేదో కళ్లకే కనబడుతుంది.

పండుగకు నాలుగు రోజులు ప్లాంట్ ఆపితే బెడ్ చావదు, బ్లోవర్ నెమ్మదిగా తిరుగుతూ తడి ఉంటే చాలు. రెండూ ఆపి తాళం వేసుకుని పోతే తిరిగొచ్చేసరికి అదే వాసన కొడుతుంది.

చివరిగా ఒక విషయం, ఇది డబ్బుతో తేలేది కాదు. ఇన్నాళ్లూ తెరిచి ఉన్న ట్యాంక్‌కు మూత వేస్తున్నారు. మూత కింద గ్యాస్ పేరుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వంద పీపీఎం దగ్గరికి వస్తే ముక్కు మొద్దుబారుతుంది, వాసన తెలియదు. కొన్ని వందలు దాటితే మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. బ్లోవర్ ట్రిప్ అయినప్పుడు లెవెల్ చూద్దామని మూత తెరిచి తల పెట్టే అలవాటు మన ఆపరేటర్లకు ఉంది. ఒకరు పడితే కాపాడబోయి రెండోవాడూ పడతాడు. బ్లోవర్ ఆగితే హారన్ మోగాలి, మూత దగ్గరికి వెళ్లేవాళ్ల జేబుకు గ్యాస్ అలారం ఉండాలి, లెవెల్ బయటి నుంచే కనబడాలి. ఈ మూడూ కొటేషన్‌లో లేకపోతే ఆ కొటేషన్ అసంపూర్తి.

ఇప్పటికి వెండర్‌కు అడ్వాన్స్ ఇవ్వకండి. ట్యాంక్ పైన ఒక తాత్కాలిక మూత పెట్టి చిన్న ఫ్యాన్‌తో లాగుతూ, ఆ పైపులో ఒక వారం రోజులు గ్యాస్ డిటెక్టర్ ట్యూబులతో హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా చూడండి. రోజుకు నాలుగుసార్లు, అందులో ఒకటి రాత్రి రెండింటికి, ఒకటి ప్రొడక్షన్‌లో మదర్ లిక్కర్ (మందు వేరుచేశాక మిగిలే ద్రవం) వదిలిన అరగంటకు. పక్కనే ట్యాంక్ పీహెచ్, గాలి ఉష్ణోగ్రత రాయండి. సాల్వెంట్ వాసన కూడా తగులుతుంటే ముందు స్ట్రిప్పర్ (మురుగునీటిలోంచి సాల్వెంట్ వేరుచేసే టవర్) సంగతి చూడాలి. ఆ 28 రీడింగులు చెప్పండి, టవర్ కావాలో వద్దో, బెడ్ ఎంత వేయాలో నేనే లెక్క కట్టి ఇస్తాను.